ఇంకో పిడికెడు

ముక్కలు దొర్లడం ఇంకా ఆగనేలేదు,
లౌడ్‌స్పీకరు అప్పుడే తీర్పు చెప్పేసింది:
తప్పు ఫిన్లాండ్ కుర్రాడిదే.

రెండో నంబరు పోస్టు నాది.
వారమంతా వెర్వియేలో ఒక బడి బాయిలరు చూసుకుంటాను,
ఆదివారాలు నారింజ రంగు తొడుక్కుని
జీతం లేకుండా జెండా ఊపుతాను.
పంతొమ్మిదేళ్ళుగా మొదటి మలుపు దగ్గరే.

ఇరవై రెండు కార్లు
ఒకే సూదిబెజ్జంలోకి దూరాలనుకునే చోటు అది.
ఆ పూట ముగ్గురు భుజం భుజం రాసుకుంటూ వచ్చారు.
లోపలి వైపు ఓస్మో, నడుమ యోరిస్, బయటి అంచున కాయెతానో.
ఓస్మో ముందు చక్రం బిగుసుకుపోయింది.
తెల్లటి పొగ, అంతే.
తర్వాత చప్పుడు, అటక మీది గిన్నెలన్నీ ఒక్కసారే కూలినట్టు.

యోరిస్ కారు గాల్లో ఒకసారి తన కడుపు చూపించి
గులకరాళ్ళ మీద బోర్లా పడింది.
ఒడీల్, నేను పరిగెత్తాం.
బెల్టుల్లో తలకిందులుగా వేలాడుతూ
అతనడిగిన మొదటి మాట:
"ఎవడు?"
బతికే ఉన్నాడని అలా తెలిసింది.

యోరిస్ మావాడు. అంచేత స్టాండు స్టాండంతా
ఓస్మో పేరు పట్టుకుని ఊళ వేసింది.
అందులో మా బావమరిది గొంతు గుర్తుపట్టాను.
వాడు కూర్చున్న చోటునుంచి మలుపే కనపడదు.

మేడ మీది గదిలో, మూసిన కిటికీల వెనక
ముగ్గురు పెద్దలు ఆ రెండు సెకన్లని
నలభై నిమిషాలు చూశారు.
ముందుకి, వెనక్కి, పైనుంచి, పక్కనుంచి.
ఎవరి ఇరుసు ఎవరి అద్దం దాకా వచ్చిందో
తెర మీద వేలుపెట్టి కొలిచారు.
మరీ నెమ్మదిగా తిప్పితే
ప్రతి పొరపాటూ పన్నాగంలాగే కనిపిస్తుంది.

కబురు మెట్లు దిగి నా దాకా వచ్చింది.
ఓస్మో అన్నాడట: రోజూ తొక్కేచోటే బ్రేకు తొక్కాను.
కాయెతానో అన్నాడట: నేను చోటు వదిలాను, నడుమవాడు తీసుకోలేదు.
యోరిస్ అన్నాడట: నేనెక్కడికి పోను, ఆకాశంలోకా?
పోయాడు కూడా కదా.

వచ్చే రేసులో ఓస్మో ఐదు స్థానాలు వెనక నిలబడాలి.
కాగితం కింద మూడు సంతకాలు.
నన్నెవరూ పిలవలేదు.
చీపురుని సాక్ష్యం అడిగేదెవరు?

పొద్దుటి సంగతి ఇది.
పాత కార్ల పందెంలో ఒక ముసలి బండి
సరిగ్గా బ్రేకు వేసే చోట బారెడు పొడుగున నూనె కార్చింది.
సిమెంటు పొడి చల్లాను, రుద్దాను, ఊడ్చాను.
ఇంకో జానెడు మిగిలుందనగా బస్తా అయిపోయింది.
కొత్త బస్తా ట్రాకు అవతలి షెడ్డులో.
రెండొందల అడుగులు. సన్నటి తుంపర.
అప్పుడే ఒడీల్ ఫ్లాస్కు మూత తీసింది,
ఉల్లికాడల సూపు.
బస్తా దులిపితే రాలిన దుమ్ముతో సరిపెట్టి
చీపురు తిరగేసి రెండు దెబ్బలు తట్టి
"చాల్లే" అన్నాను.

చక్రం బిగిసింది అక్కడేనా?
రబ్బరు గీత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూశాను.
ఇటు రెండు మూరలేమో, అటు ఒక మూరేమో.
వంగితే ఒకలా, లేస్తే ఒకలా ఉంది.
తిలాపాపం తలా పిడికెడు అంటారే,
నా వాటా పిడికెడు
నేను చల్లని ఆ పిడికెడే కావచ్చు.
కాకపోనూవచ్చు.
ఫారంలో ట్రాకు పరిస్థితి అన్న గడిలో
పొద్దున్నే రాసేశాను: బాగుంది.
కొట్టేద్దామని పెన్ను తీశాను.
ఒడీల్ చూస్తోందని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

జనం పల్చబడ్డాక
హెల్మెట్టు చంకన పెట్టుకుని ఒక్కడే నడిచొచ్చాడు ఓస్మో.
మీసాలు ఇంకా సరిగా రాలేదు.
గీత దగ్గర ఆగి బూటు కొనతో నేలని రాశాడు.
వంగి వాసన చూస్తాడేమోనని భయపడ్డాను.
చూడలేదు.
గులకరాళ్ళలో కార్బన్ పెచ్చులు ఏరుతున్న నా దగ్గరికొచ్చి
అరకొర ఫ్రెంచిలో అన్నాడు:
"మీకు పని పెంచాను. క్షమించండి."

తల ఊపాను,
క్షమించేవాడిలా.