పంతొమ్మిదో అట్ట

లోపలి కథలు అంత గొప్పవేం కావు.
ప్రతి నెలా అదే గొడవ:
ఊరి మీదికి ఏదో వస్తుంది, లోహితుడు లేస్తాడు,
ఆఖరి పేజీలో బ్యాటరీ అయిపోయి కూలబడతాడు,
మిగతాది వచ్చే సంచికలో.
నేను అట్టల మనిషిని.

పూర్ణా మార్కెట్ వెనక, కొబ్బరిపీచు గోనెల పక్కన
మొల్లి సూరిబాబు తాడు కట్టి
బట్టలారేసినట్టు పుస్తకాలు ఆరేసేవాడు.
అద్దె రోజుకి పావలా. చూపుకి అద్దె లేదు.
"ఏటిరా గుంటడా, కళ్లతోటే నమిలేస్తన్నావ్,
రంగు దిగిపోద్ది" అనేవాడు,
అని ఇంకో నాలుగు నావైపు తిప్పేవాడు.

ఏడో అట్ట మీద సముద్రం వాడి నడుం దాకా.
భుజం మీద ఒక మరపడవ,
తీర్థంలో పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు.
పడవలో ఒకే ఒక్క ముసలమ్మ.
భయపడ్డం లేదు. నిప్పు నోట్లోకి తిప్పి
అడ్డపొగ పీలుస్తోంది.
ఆమె కోసం దాన్ని నాలుగుసార్లు అద్దెకి తెచ్చాను.
అడ్డపొగ తెలిసిన చెయ్యి ఎక్కడిదో
నాకు అప్పుడే తట్టాల్సింది.

పన్నెండోది అచ్చుతప్పు.
ఎరుపు ఒక బియ్యపుగింజంత పక్కకి జరిగి
వాడికి రెండు అంచులొచ్చాయి,
ఒకటి ఇనుము, ఒకటి ఇనుము వణుకు.
చెత్త కాపీ అన్నాడు దేవసహాయం.
అమ్మకి టైఫాయిడ్ వచ్చిన రాత్రి
గ్లాసు అందుకోబోయిన ఆమె చెయ్యి
నాకు సరిగ్గా అలాగే కనిపించింది.

హుద్‌హుద్‌కి రేకులు ఎగిరిపోయినప్పుడు
ట్రంకుపెట్టెలో ముప్పై ఒకటీ ముప్పై రెండూ అతుక్కుపోయాయి.
ఆవిరి పట్టి విడదీశాను.
ఒకడి మొహం ఇంకొకడి వీపు మీద తిరగబడి ఉంది.
ఇరవై ఆరుకి అట్టే లేదు,
రెండు పిన్నులు, పిన్నుల కింద కాస్త నీలం.
ఆ నీలాన్ని కూడా లెక్కలో వేసుకుంటాను.

సరే, పంతొమ్మిది.

దెబ్బలాట లేదు. పేలుడు లేదు.
నీళ్లలో ఒక రాతి మీద మోకాళ్లు ముడుచుకుని
వాడు కూచున్నాడు, మనకి వీపే కనిపిస్తుంది.
వీపు మీద రివెట్లు నూట పదకొండు,
ఒక చోట రివెట్ ఊడిన బొక్క.
పై మూలన మన కొండ, కొండ మీద లైట్‌హౌసు.
కానీ డాల్ఫిన్ ముక్కు ఎడమకి ఉండాల్సింది
కుడికి తిరిగి ఉంది.
"వీడు వైజాగ్ మొహం చూళ్లేదురా,
పోస్టుకార్డుని తిరగేసి గీసీసేడు" అని
దేవసహాయం పందెం కాశాడు.
ఓడిపోయాను. రెండు గోలీసోడాలు.
బొమ్మ గీసినాయన పేరు ఎక్కడా వెయ్యలేదు,
అడుగున రొయ్యపిల్లంత గీత ఒకటి, అంతే.

షిప్‌యార్డులో పెయింటరుగా చేరిన మొదటి రోజు
రెడాక్సైడ్ డబ్బా మూత తీస్తే
లోపల లోహితుడు.
వాడికి వాసన ఉంటుందని ఏ సంచికా చెప్పలేదు.

కిందటి మాఘంలో ఒక ఓడ పరీక్షకి బయల్దేరింది.
రెయిలింగుకి ఇంకో పూత బాకీ ఉందని
నన్నూ ఎక్కించుకున్నారు.
ఛానెల్ దాటాం. కొండని చుట్టి దక్షిణానికి మళ్లాం.
బ్రష్షు కడుగుతూ తలెత్తాను.

ముక్కు కుడికి ఉంది.

ఆయన పడవలోంచి చూశాడు.
ఏ తెల్లారగట్టో, వల పక్కన కూచుని,
తడి చేతుల్తో.
వాడు ఊరికి వీపు తిప్పి వెళ్లిపోతున్నాడని
ముప్పై రెండేళ్లుగా అనుకుంటున్నానే,
వీపు తిప్పింది సముద్రానికి.
వాడు చూస్తున్నది మనల్ని.

దేవసహాయానికి ఫోన్ కొట్టాను. సిగ్నల్ లేదు.
రెండు గోలీసోడాలు,
ముప్పై రెండేళ్ల వడ్డీ.
బ్రష్షు కొసన ఎర్రచుక్క ఒకటి
గాలికి ఊగి ఊగి
నీళ్లలో పడింది.