మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు

మింట్ వీధిలో మా ప్రెస్సు.
మిషను నడిస్తే సిరా వాసన,
ఆగితే ఎదురుకొట్టు కచోరీల నూనె వాసన.
బాఫ్నా ట్రావెల్స్ వాళ్ళ కరపత్రం నా బల్ల మీదికొచ్చింది,
సాయంత్రానికల్లా తెలుగులోకి దించాలట:
బంగారు కోట. ఒంటె సవారీ.
ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం.
మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు.
వేడినీళ్ళు ఇరవై నాలుగు గంటలూ.

జైసల్మేరు నేను చూడలేదు.
ఉత్తరాన నెల్లూరు, దక్షిణాన చెంగల్పట్టు,
అంతవరకే నా భూగోళం.
'తిన్నె' అని కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టాను.
మా తిన్నె మీద మనుషులు కూర్చుంటారు.
వాళ్ళ తిన్నె రాత్రికి రాత్రి లేచి
పక్క ఊరికి పోతుందట.

అనుమానం తీర్చడానికి మేడ మీద ధాపూబాయి ఉంది.
బాఫ్నాగారి మేనత్త. ఎనభై నాలుగేళ్ళు.
అరవంలో బేరమాడుతుంది,
తెలుగులో తిడుతుంది,
లెక్క మాత్రం వాళ్ళ భాషలోనే.

ఆ ఏడు మే నెల.
రెడ్‌హిల్స్ చెరువు నెర్రెలిచ్చి వెల్లకిలా పడుకుంది.
వీధి పొడుగునా ప్లాస్టిక్ బిందెలు,
మనుషులకన్నా ముందే వచ్చి వరుసలో నిలబడ్డాయి.
ఏ బిందె ఎవరిదో
మూతికి కట్టిన గుడ్డపేలిక చెప్పాలి.

ధాపూబాయి కిటికీలోంచి కూడా చూడలేదు.
ఇసుకతో కంచం తోముతోంది.
"మనవడు మెరీనా నుంచి తెచ్చాడు. ఉప్పు ఇసుక.
మా ఇసుకైతే నాలిక మీద వేసుకోవచ్చు."
నులకమంచం మీద కూర్చుని ఆమె స్నానం,
మంచం కింద తొట్టి.
ఆ నీళ్ళకి మళ్ళీ బట్టలు,
ఆ బట్టల నీళ్ళకి మళ్ళీ గచ్చు,
గచ్చు దాటి మెట్టు దిగిన చుక్కని
నేనింతవరకు చూడలేదు.

"కోట గురించి చెప్పు బాయీ, రాసుకుంటాను" అన్నాను.
"కోటా! సున్నం లేదు దానికి.
రాయిని రాయి కొరికి పట్టుకుంది.
ముట్టడులు చూసింది, కరువులు చూసింది, కదల్లేదు.
ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వచ్చింది కదా,
పునాదిలోకి చెమ్మ దిగి కుంగుతోంది.
శత్రువు ఒంటె మీద రాలేదురా,
గొట్టంలో వచ్చాడు."

చెరువుకి గుమ్మం కట్టించింది ఒక భోగంమనిషి అని కథ.
దాని కింద మేం నడవం అన్నారట రాణులు.
ఆమె ఊరుకుందా,
గుమ్మం నెత్తిన కృష్ణుణ్ణి కూర్చోబెట్టింది.
ఇక కూల్చేదెవరు?
"నీళ్ళు మాత్రం అడగలేదు,
కట్టించింది ఎవరని."

ఇవేవీ కరపత్రంలో పట్టవు.
అక్కడ ఒంటె బొమ్మకే సగం జాగా పోయింది.

పేరుకి అర్థమడిగితే కంచం బోర్లించింది.
"నలుగురు ఆడపిల్లల తర్వాత నేను.
ధాపు అంటే, చాలు.
దేవుడికి కబురు పెట్టారు నా చేత."
కింద వరుసలో పూలమ్మే పోదుంపొణ్ణు
ఎవరి బిందెతోనో గొడవపడుతోంది.
ఆమెకీ అదే పేరు, అరవంలో.
ఇద్దరికీ ఈ సంగతి తెలుసో లేదో
నేను అడగలేదు.

లారీ వచ్చింది. ఇంటికి మూడు బిందెలు.
గొట్టం తీసేస్తూ లారీవాడు అరిచాడు: "పోదుం, పోదుం!"
పోదుంపొణ్ణు తల తిప్పి చూసింది.

కరపత్రం చివరి పంక్తి చదివి వినిపించాను.
ధాపూబాయి వేళ్ళ గణుపులు లెక్కపెట్టింది:
నలభై మంది, నాలుగు పగళ్ళు,
మనిషికెన్ని బిందెలు?
మధ్యలో ఆగిపోయింది.
అంకె పెద్దదైందో,
ఊరే గుర్తొచ్చిందో.

పంక్తి తీసేద్దామా అని బాఫ్నాగారికి ఫోన్ చేశాను.
"అక్షరాలు ఇంకాస్త లావు చెయ్యి" అన్నాడు.
చేశాను.

రెండు వేల కాపీలు మిషనెక్కాయి.
రాత్రి తొమ్మిదింటికి ఇన్బరసు
సిరా చేతులు చాచి నీళ్ళడిగాడు.
కిరసనాయిలు గుడ్డ ఇచ్చాను.