కుచ్చు

కొత్తపేట ల్యాబులో ముప్పై నాలుగేళ్లుగా
మైనం దిమ్మలు పోసి కోస్తున్నాను.

పాత పుస్తకంలో దాని పేరు బూర.
అంతకుముందెవరో పొగగొట్టం అనుకున్నారట.
మా పెద్ద సారైతే, "గొట్టమేగా సలోమీ,
నడిమి ముక్కొక్కటి చాలు" అనేవారు.
మిగతాది బకెట్లోకి.

కొసన కుచ్చు
పైటచెంగు పోగుల్లా నీళ్లలో విప్పుకునేది.
చూసి, పారబోసేదాన్ని.

ఇప్పుడొచ్చిన మేడమ్ అంటుంది:
కుచ్చంతా కోయండి, నిలువునా, సన్నగా.
చాలాసార్లు మొదటి గింజ పడేది అక్కడే.

గింజ.
మిరపనారు పోసే ఇంట పుట్టినదాన్ని,
గింజంటే తెలియదా నాకు?

తొంభై ఎనిమిదిలో
ఎస్తేరు వదిన రిపోర్టు టైపు చేసింది నేనే.
జబ్బు పుట్టిల్లు, అండాశయం.
పక్కింటి పేరు రాశానేమో.
అడుగుదామంటే ఆ ముక్క లేదు.

బ్లేడు మార్చాను.
ఈ కుచ్చు ఎవరిదో, నంబరే ఉంది.
చలినీళ్లలో పోగూ పోగూ విడదీస్తున్నాను,
చిక్కుపడ్డ జడ విప్పినట్టు.