చీల్చిన కర్ర

పన్నెండేళ్లు ఆయన పక్కన కూర్చుని
కర్రల మీద గాట్లు పెట్టినవాణ్ణి నేను.
వెయ్యి పౌన్లకి అరచెయ్యంత మందం,
వందకి బొటనవేలంత,
ఒక్క పౌనుకి పండిన బార్లీ గింజంత,
పెన్నీకి ఉత్త గీటు.
ఆ పైన హేజెల్ కర్రని నిలువునా చీల్చి
కట్టినవాడికో సగం, రాజుగారికో సగం.

వెస్ట్‌మిన్‌స్టర్‌లో గళ్ల గుడ్డ పరిచిన బల్ల ముందు
బిషప్ ఆస్బర్ట్ కూర్చుంటే
నడి చలికాలంలో షెరీఫులకి చెమటలు.
లంచం ముట్టలేదు, అది మాత్రం చెప్పుకోవాలి.
ప్రార్థన మధ్యలో ఆయన వేళ్లు కదిలేవి,
చూసినవాళ్లు జపమనుకునేవారు.
నాకు తెలుసు,
అవి యార్క్ బకాయిలు.

హెర్‌ఫర్డ్‌లో మీ పీఠం మీద
పావురాలు కాపురం పెట్టాయండీ అని
ఎవరో అంటే నవ్వి,
"వాటికింకా పన్ను వెయ్యలేదు" అన్నాడు.

కళ్లు మసకబారాక గాని ఊరు చేరలేదు.
డోలీలో, ఫిబ్రవరి వానలో,
వై నది వంతెన దాకా ఎక్కొచ్చిన రోజున.
పెద్ద గుడి వాకిట్లో గన్నోరా,
ఉన్ని ఉతికి చేతులు పాచిపోయిన మనిషి,
రొంటినుంచి సగం కర్ర తీసి
ఆయన చేతిలో పెట్టింది.

బొటనవేలితో తడిమి చూశాడు.
"పదకొండు షిల్లింగులు, నాలుగు పెన్నీలు. చెల్లు.
ఇంకేం కావాలమ్మా?"

"అది నేను కట్టింది, దొరా.
మీరు కట్టాల్సింది అడగడానికొచ్చాను.
మీ చెయ్యి తలమీద పడాలని
ముగ్గురు పిల్లలు కాచుక్కూర్చున్నారు.
ఒకడు మీసాలొచ్చి వెళ్లిపోయాడు.
ఒకతి మట్టిలో ఉంది.
ఇదుగో, ఇది మూడోది."

"ఎంత?" అన్నాడు.
అలవాటు కొద్దీ నోరు జారింది, పాపం.
అంతలోనే నాలిక్కరుచుకున్నాడు.
వానచుక్కలు డోలీ మీద పడే చప్పుడు తప్ప
కాసేపు ఏమీ లేదు.

చెయ్యి చాపాడు.
పిల్ల ఎక్కడుందో ఆనక
గాల్లో తడుముకుంటుంటే,
అదే మునివేళ్ల మీద లేచి
తల అందించింది.

మంగళవారం పోయాడు.
వేలికి ఉంగరం, పక్కన దండం, అన్నీ సర్దాం.
ఆ సగం కర్ర కూడా లోపల పెడదామా అని
నేనే వెళ్లి అడిగాను.

గన్నోరా ఇవ్వలేదు.
"రేపు షెరీఫొస్తే ఏం చూపించను?"