తొమ్మిదో గీత

రేగడి నేల నెర్రెలిచ్చిన ఎండాకాలంలో
కోయిలకుంట్లకు సర్కారు ట్రాక్టరొచ్చింది,
లారీ మీద, నాలుగు దిక్కులా మోకులేసి కట్టిన
దున్నపోతు మాదిరి.
ఎవరో చక్రానికి కుంకుమ పెట్టినారు.
పెట్టాల్సింది ముందర చక్రానికా, ఎనక చక్రానికా అని
ఇంకెవరో తగువు పడినారు.

దానెంబడి వచ్చినాయన ఆశీర్వాదం సారు.
రాత్రిళ్ళు పత్తి జిన్ను గోడ మీద
సుద్దముక్కతో ఇంజను గీసేవాడు.
పెట్రోమాక్సు చుట్టూ పురుగులు, పురుగుల చుట్టూ రైతులు.
"ఇది దీని కడుపు. కిరసనాయిలు తాగుతుంది."
"పేడేస్తాదా సారూ?" అన్నాడు గొల్ల బజారన్న.
జిన్నంతా నవ్వింది.
సారు నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకున్నాడు.

నాకు పదేండ్లు. దినానికి అణా.
ట్రాక్టరు పోయిన సాల్లో కట్టె దించి
లోతెంతో అరిచి చెప్పడం నా పని.
అంకెలు రావని ఏడిస్తే
సారు గీతలకు పేర్లు పెట్టినాడు.
రెండోది గుంటక.
నాలుగోది మడక.
తొమ్మిదోది పెద్ద మడక, ఆరు జతల ఎద్దులు లాగేది.
"పెద్ద మడక దాకా పోయింది సారూ!"
అని అరిస్తే
గట్టు మీద ముసలోళ్ళు తలపాగాలు సర్దుకునేవాళ్ళు.

మా నాయన మద్దిలేటి గరిక తవ్వే కూలి.
నిలువు గుంతలో దిగి, వేరు కొస దొరికేదాకా
గడ్డపార పక్కన పెట్టని మనిషి.
దున్నిన చేన్లో గొంతుక్కూచోని
తెగిన వేర్లు దోసిట్లోకి ఏరుకున్నాడు.
"పళ్ళేల మడక కోసింది సారూ, చంపలేదు.
ఒగ గరికను నూరు గరికలు చేసింది."
డ్రైవరు ఉమ్మేసి బీడీ ముట్టించుకున్నాడు.
సారు మాత్రం పేరడిగినాడు.

తొలకరికి చూస్తే
సాలు సాలుకూ గరిక,
గొర్రుతో ఇత్తినంత వరసగా.

పై ఏడు సారు వేరే మడక తెచ్చినాడు,
గడ్డను వెల్లకిలా తిరగేసేది.
మేనెల ఎండకు వేర్లు
తాటాకు ఈనెల మాదిరి పుటపుట విరిగినాయి.
ఆ ఏడు
నాయన్ను తవ్వకానికి ఎవరూ పిలవలేదు.

బదిలీ మీద పోతా పోతా
సారు నోటుబుక్కు నా చేతికిచ్చి చదవమన్నాడు.
అప్పటికి నాకు అచ్చరాలు కూడుతున్నాయి.
"ట్రాక్టరు పేడ వేయదు. ఎరువు సంగతి ఆలోచించవలెను."
దాని కింద,
"గరిక తెగితే చావదు. చెప్పినది మద్దిలేటి, గరిక కూలీ."

నాయన ఆ కాగితాన్ని
బొటనవేలితో రుద్ది రుద్ది చూసినాడు.
"నా పేరు ఎంత లోతుందిరా?"

కట్టె నా చేతిలోనే ఉంది.
కాగితం తిప్పి చూస్తిని.
సిరా అవతలి పక్కకు గూడా దిగలేదు.

ఏం చెప్పినానో గుర్తులేదు.
ఆ సాయంత్రం నాయన
గడ్డపారను ఇంటి ముందర నేలలో దించినాడు,
ఎనుమును కట్టేయడానికి.
సమ్మెట దెబ్బ దెబ్బకూ దిగుతా పోయింది,
తొమ్మిదో గీత దాటి,
కట్టె దాటి,
నాకింకా పేరు తెలియని లోతుకు.