గాదె అడుగు

పలాస హైస్కూలు, తొమ్మిదో తరగతి వరండా.
"గోళ్ళు చూపించవే" అన్నాను.
రాత్రుళ్ళు జీడిపిక్కలు కొట్టిన వేళ్ళు.
ఎరుపో తెలుపో
నలుపు చెప్పనివ్వదు.

కింది రెప్ప లాగి చూశాను:
వెలిసీ వెలవని ఎర్ర రిబ్బను.

మిషను మాత్రం పన్నెండు అంది.
"బాగానే ఉంది, తర్వాతోళ్ళు రండి"
రాసుకునే కుర్రాడు పేజీ తిప్పేశాడు.

దమయంతి కదల్లేదు.
పెదవి మూల సుద్దపొడి.
"తింతన్నావేటే?"
"ఒక ముక్కే మేడం. వానొస్తే
మట్టిక్కూడా నోరూరిపోతాది..."
నాలిక కరుచుకుంది.

మాయమ్మ అనేది,
కుండలో అన్నం చూసి మురిసిపోకు,
గాదెలో చెయ్యెట్టి చూడు.

పన్నెండు పక్కన చిన్న చుక్క పెట్టి
ఇంకో రెండు మిల్లీల రక్తం అడిగాను,
లేనింటికెళ్ళి
అప్పడిగినట్టు.