నహ్లా

కనిగిరి ఆసుపత్రిలో జననాల పుస్తకం నాది.
పదకొండేళ్ళుగా ఈ మూల గదిలో
పేర్లు నా చేతికిందనుంచే లోకంలోకి పోతున్నాయి.

వరండాలోకొచ్చి మస్తాన్ అని కేకేస్తే
నలుగురు లేస్తారు.
మస్తాన్‌వలి, మస్తాన్‌బీ, మస్తానయ్య, మస్తానమ్మ.
కసుమూరు మొక్కు మతం అడగదు.
పెంచలమ్మా అంటే నేనూ పలకాలి,
మా ఇంట్లోనే ముగ్గురం.

ఆ ఏడు రోహిణి ఎండలో ఒక పిల్ల వచ్చింది,
పామూరు రోడ్డులో నీళ్ళ ట్యాంకరు తోలే గౌస్ భార్య.
పాత నైటీ గుడ్డలో పదిరోజుల బిడ్డ.
వెనక అత్త, మోకాళ్ళు రెండూ విల్లులా వంగి,
గోడ పట్టుకుని, అడుగుకొక "యా అల్లా".
ఆ వంపు నాకు కొత్తగాదు.
మా అమ్మా అదే బోరింగు కొట్టింది,
అవే నీళ్ళు తాగింది.

"పేరేంది?"
"నహ్లా."
"నల్లానా?"
"కాదు మేడం, నహ్లా. మధ్యలో ఊపిరుంది."

పాత పేజీలు తిరగేశా.
ఆసియాలు, ఆఫ్రీన్లు,
సనాలైతే ఆ ఒక్క ఏడే పందొమ్మిది మంది.
నహ్లా లేదు.
వెలిగండ్లలో లేదు, హనుమంతునిపాడులో లేదు,
కంప్యూటరు కూడా కిందంతా ఎర్రగీత గీసింది.

అత్త గొణిగింది:
"మస్తాన్‌బీ అని మొక్కుకున్నా.
ఎవురికీ నోరు తిరగని పేరు, ఏం చేసుకుంటారు?"
కోడలు మదర్సాలో మూడేళ్ళు అరబ్బీ చదివిందంట.
"ఎడారిలో ఒంటెలు బావి కాడికొస్తే
మొదటి గుక్కకో మాట,
తిరిగొచ్చి తాగే గుక్కకి ఇంకో మాట ఉంది మేడం.
ఇది మొదటిది.
బాగా దప్పి మీద పడే గుక్కెడు."

నా కలం ఆగింది.
మనకి నీళ్ళకెన్ని పేర్లని!
ఉప్పు నీళ్ళు, చప్ప నీళ్ళు,
మంచినీళ్ళని పేరున్న చెడ్డ నీళ్ళు,
క్యాను నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు,
వెలిగొండ నుంచి వస్తాయని
వచ్చిన ప్రతి ఆఫీసరూ చెప్పిన నీళ్ళు.
తాగడానికి మాత్రం ఒక్కటే మాట.
రెండో గుక్కకి మాటెందుకు లేదో
బిందెల వరసలో ఎవర్నడిగినా చెప్తారు.

"ఇంకోటుంది మేడం," నవ్విందా పిల్ల.
"హ గొంతు లోపల్నుంచి ఒత్తి పలికితే తేనెటీగ.
అక్షరం వేరే."
మనకున్నది ఒకటే హ.
నేను రాసినదాంట్లో నీళ్ళున్నాయో
తేనెటీగ ఉందో
నా రాత చెప్పదు.

అంతలో ముసలామె, "కాసిన్ని నీళ్ళమ్మా" అంది.
నా సీసా ఇచ్చా.
పెదవికి తగలకుండా పైకెత్తి పోసుకుంది.
కళ్ళు మూసుకుంది.
చాలాసేపటికి తెరిచి కోడల్ని అడిగింది:
"పేరంటే ఇదేనా?"
"ఇదే అమ్మీ."
"సరే, రాయించు. ముందొక మస్తాన్ పెట్టమ్మా,
మొక్కు మొక్కే."

షేక్ మస్తాన్ నహ్లా.
సర్టిఫికెట్లో 'నల్ల' అని వచ్చింది.
దిద్దడానికి గౌస్ మూడుసార్లు తిరిగాడు,
మూడోసారి నాకొక బిందె నీళ్ళు దించి పోయాడు.

ఇప్పుడా పేరు ముగ్గురికుంది.
పామూరు కాంపౌండరు మనవరాలొకతి.
ఇంకోతి పెదచెర్లోపల్లి సుకన్య కూతురు,
టీకాల కార్డు మీద చూసి ముచ్చటపడింది,
"ఎవురికీ లేని పేరక్కా, అర్థమేంది?"
ఆ రోజు రద్దీ. తేనెటీగ అన్నాను.
సంతోషంగా పోయింది.
ఇంకా దిద్దలేదు.

మొన్న ఓపీ కాడ నర్సు నహ్లా అని పిలిస్తే
ఇద్దరు తల్లులు లేచారు.
నేనూ లేచాను, ఎందుకో.
మొదటిదానికి ఐదేళ్ళొచ్చాయి.
ఏదీ, పళ్ళు చూపించమన్నా.
ఇకిలించింది.
తెల్లగా, వరసగా, పాలపళ్ళు.
అసలువి ఇంకా రాలేదు.